కాంట్రాక్టు ఉండగానే పెరెజ్‌ను ఎలా తీసేశారంటే...

2026 వరకు కాంట్రాక్టు రాసిచ్చి, 2024 డిసెంబరులోనే తన డ్రైవర్ పెరెజ్‌ను ఫార్ములా వన్ కార్ రేసుల టీమ్ రెడ్‌బుల్ ఎలా పంపేసిందని అడిగారు కదా. అంతా డబ్బు లెక్కేనండీ. ఫార్ములా వన్‌లో ప్రైజ్ మనీ పంచేది డ్రైవర్ల టైటిల్‌ని చూసి కాదు, టీమ్ స్థానాన్ని చూసి. ఆ స్థానం టీమ్‌లోని ఇద్దరు డ్రైవర్ల పాయింట్లు కలిపి తేలుతుంది. ఒక్క మెట్టు దిగినా మిలియన్ల డాలర్లు పోతాయి. ఆ ఏడాది పెరెజ్ జోడీ డ్రైవర్ వెర్‌స్టాపెన్‌వి 437 పాయింట్లు, పెరెజ్‌వి 152. టీమ్ మూడో స్థానానికి జారింది. పెరెజ్ వెనక మెక్సికో స్పాన్సర్లున్నా ఆ గండి పూడలేదు.

పోనీ, మార్చాక బాగుపడ్డారా? పెరెజ్ చోట కొత్తగా వచ్చిన లాసన్ షాంఘై క్వాలిఫైయింగ్‌లో (రేసులో ఎవరు ఎక్కడి నుంచి మొదలెట్టాలో తేల్చే పోటీలో) చిట్టచివర, 20వ స్థానంలో నిలిచాడు. రెండే రేసులకు అతన్ని దించేసి, జపాన్‌లోని సుజుకా రేసు నుంచి సునోడా అనే డ్రైవర్‌ను ఎక్కించారు. అతనికీ ఒరిగిందేమీ లేదు. నన్నడిగితే ఆ కారే అంత, వెర్‌స్టాపెన్‌కి తప్ప ఎవరికీ లొంగదు.