మన వీడియోను వేరే ఛానెల్ ఎత్తేస్తే యూట్యూబ్ ఏం చేస్తుంది?

మీ గోంగూర పచ్చడి వీడియోను ఎవరో దించుకుని తమ ఛానెల్లో పెట్టారన్నారు కదా. ముందు ఒక మాట: వంటకం మీద కాపీరైట్ ఉండదు, మీరు తీసిన దృశ్యాల మీద, రికార్డు చేసిన మీ గొంతు మీద ఉంటుంది. అదే పచ్చడి వాళ్లింట్లో చేసి చూపిస్తే తప్పేం లేదు.

యూట్యూబ్‌లో కాపీరైట్ తొలగింపు ఫారం నింపండి. అమెరికాలో 1998లో వచ్చిన డీఎంసీఏ (డిజిటల్ మిలీనియం కాపీరైట్ యాక్ట్) చట్టం ప్రకారం నడిచే పద్ధతి ఇది. రెండు లింకులూ, పూర్తి పేరుతో సంతకం అడుగుతారు. ఫిర్యాదు సరిగ్గా ఉంటే వీడియో తీసేసి ఆ ఛానెల్‌కి స్ట్రైక్ (హెచ్చరిక మార్కు) వేస్తారు; 90 రోజుల్లో మూడు పడితే ఛానెలే పోవచ్చు.

అసలు చిక్కు ఆ తర్వాతే. అవతలివాళ్లు ‘ఇది మాదే’ అని కౌంటర్ నోటిఫికేషన్ (ఎదురు అభ్యంతరం) పంపితే యూట్యూబ్ తీర్పు చెప్పదు. 10 పనిదినాల్లో మీరు కోర్టుకెళ్లినట్టు ఆధారం చూపాలి, లేకపోతే వీడియో మళ్లీ ప్రత్యక్షం! వంటింట్లో ఫోన్‌తో షూట్ చేసుకునేవాళ్లకు కోర్టు ఖర్చంటే మాటలా? నా దృష్టిలో ఇది పెద్ద అన్యాయం.

మన 2013 కాపీరైట్ నియమాలదీ దాదాపు అదే దారి. ఫిర్యాదు సబబుగా ఉంటే ఆ సైట్ 36 గంటల్లో వీడియోను ఆపాలి, 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు రాకపోతే తిరిగి తెరవొచ్చు. అంటే చివరికి కోర్టులో వీడియో మీదేనని చూపించాల్సి రావొచ్చు, అందుకే ఎడిట్ చేయని ఒరిజినల్ ఫైళ్లు మాత్రం చెరిపేయకండి.