243 రైఫిల్‌కి బరువైన తూటా వాడాలంటే బ్యారెల్ మార్చాలా?

టెక్సస్‌లో జింకల వేటకి 243 విన్‌చెస్టర్ రైఫిల్ (0.243 అంగుళాల వ్యాసం తూటా వాడేది) సెకండ్ హ్యాండ్‌లో కొన్నానన్నారు. ట్విస్ట్, అంటే బ్యారెల్ లోపలి గాడుల మెలి, 1:10. బరువైన తూటా అయితే జింక ఖాయంగా పడుతుందని 105 గ్రెయిన్లవి (గ్రెయిన్ అంటే తూటా బరువు కొలత) అడిగితే, షాపతను 1:8 బ్యారెల్ వేయించుకోమన్నాడు. ఇదీ మీ ప్రశ్న.

మార్చకండి. ఆ డబ్బులో కొంచెం పెట్టి రెండు మూడు రకాల తూటాలు ఒక్కో బాక్స్ కొనుక్కోండి, బోలెడు మిగులుతుంది.

నాదీ 243, అదే 1:10. అంటే గొట్టం లోపలి గాడుల వెంట తూటా 10 అంగుళాలు సాగేసరికి ఒక చుట్టు తిరుగుతుంది. మొదటి ఏడాది నేనూ 105 గ్రెయిన్ల మ్యాచ్ తూటాలు, సూదిలా పొడుగ్గా ఉండేవి, కొనుక్కుని జనవరి చలిలో రేంజికి వెళ్లాను. 100 గజాల్లో ఐదు కాల్చి, కాగితం దగ్గరికెళ్లి చూస్తే మూడు చిల్లులు గుండ్రంగా లేవు. రెండు కోడిగుడ్డు ఆకారంలో ఉన్నాయి, మూడోది ఇంకా సాగి పాతకాలపు తాళం కన్నంలా ఉంది. తూటా ముక్కుతో కాకుండా పక్కకి ఒరిగి కాగితంలోంచి దూరిపోయిందన్నమాట. ఐదూ కలిపి అరచెయ్యంత మేర పడ్డాయి. స్కోప్ వదులైందేమోనని స్క్రూలన్నీ బిగించి మళ్లీ ఐదు కాల్చి, ఇంకాస్త డబ్బు తగలేశాను.

అందరూ బరువు బరువు అంటారు గానీ ట్విస్ట్‌కి కావలసింది పొడుగు లెక్క. పొట్టి బొంగరం మెల్లగా తిరిగినా నిలబడుతుంది. సన్నగా పొడుగ్గా చెక్కించింది జోరు తగ్గగానే తల ఊపుతుంది. ఒకే క్యాలిబర్‌లో (తూటా వ్యాసంలో) లావు పెంచే వీల్లేదు కాబట్టి బరువు పెంచితే పొడుగు పెరుగుతుంది, అంతే. 1879లో గ్రీన్‌హిల్ అనే ఇంగ్లీషు గణితవేత్త చెప్పిన మోటు లెక్క ఒకటి ఇప్పటికీ పనికొస్తుంది. తూటా వ్యాసాన్ని దానితోనే గుణించి, దాన్ని 180తో గుణించి (ఆయన పెట్టింది 150, నేటి వేగాలకి 180 వాడతారు), తూటా పొడుగుతో భాగించాలి. మన 243కి, అంగుళం పొడుగు తూటాకి 10.6 వస్తుంది, అన్ని అంగుళాలకి ఒక చుట్టు చాలన్నమాట. అంటే 1:10 సరిపోయింది. నేను కాల్చినవి దాదాపు 1.2 అంగుళాలు. వాటికి 9 లోపు ట్విస్ట్ కావాలి. పైగా చలికి గాలి చిక్కబడితే తూటా నిలకడ ఇంకా తగ్గుతుంది.

మనమేం, రెమింగ్టన్ కంపెనీ కూడా ఇక్కడే దెబ్బతింది. 1955లో 243కి పోటీగా 244 అనే రకం తెచ్చి 1:12 ట్విస్ట్ పెట్టారు. చిన్న జంతువులకి వాడే తేలిక తూటాలకి అది బాగానే ఉంది. కానీ జింకల వాళ్లకి 100 గ్రెయిన్లు కావాలి, పొడుగాటి మొన ఉన్నవి అందులో నిలకడగా పోతాయన్న నమ్మకం లేదు. జనం 243 వైపు వెళ్లిపోయారు. తర్వాత 1:9 చేసి, 6ఎమ్ఎమ్ రెమింగ్టన్ అని పేరు కూడా మార్చాల్సి వచ్చింది.

మీ రైఫిల్‌కి నా సలహా 95 లేదా 100 గ్రెయిన్ల సాఫ్ట్ పాయింట్, అంటే మెత్తటి సీసం మొన ఉండి తగిలాక విచ్చుకునే తూటా. వంద గ్రెయిన్లంటే ఆరున్నర గ్రాములే, అయినా చాలు. మ్యాచ్ తూటాలు కాగితం కోసం చేసినవి, ఒంట్లో సరిగా విచ్చుకుంటాయన్న భరోసా లేదు. 55 గ్రెయిన్లవి పైపైనే పగిలిపోయి జింకని గాయపరిచి వదిలేస్తాయి, అంతకన్నా పాపం లేదు. పూర్తి రాగి తూటాలు కొంటే 80, 85 గ్రెయిన్ల దగ్గర ఆగండి. రాగి సీసం కన్నా తేలిక, అదే బరువుకి తూటా పొడుగైపోతుంది. (కాలిఫోర్నియాలో వేటకి 2019 జులై నుంచి సీసం వాడనివ్వరు, అక్కడి వాళ్లకి ఈ తంటా ఎక్కువ.)

నేను ఆ తర్వాత 100 గ్రెయిన్లకి మారితే అదే రైఫిల్ అంగుళంన్నరలో మూడు పెట్టింది. టెక్సస్‌లోని లానో ఊరి దగ్గర ఒక పొద్దున, సుమారు 110 గజాల్లో ఒక లేడి అడ్డంగా నిలబడింది. భుజం వెనకాల కొట్టాను. నలభై అడుగులు పరిగెత్తి ఒక మెస్కీట్ చెట్టు కింద పడిపోయింది. తూటా అవతలి వైపుకి దూసుకుపోయింది. బరువు సరిపోలేదని అనిపించనే లేదు.

ఒకసారి ట్విస్ట్ మీరే కొలుచుకోండి, అమ్మినవాడి మాట మీద ఉండొద్దు. రైఫిల్ ఖాళీగా ఉందని చూసుకుని, పిడి తిరిగే క్లీనింగ్ రాడ్‌కి గుడ్డ బిగుతుగా చుట్టి లోపలికి తొయ్యండి. రాడ్ మీద మార్కర్‌తో ఒక గీత పెట్టి, అది ఒక పూర్తి చుట్టు తిరిగేసరికి రాడ్ ఎన్ని అంగుళాలు కదిలిందో చూడండి. రెండు నిమిషాల పని.

హెచ్‌1బీ మీద ఉన్నారా? ఉంటే, చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపు లేకుండా తుపాకీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం. టెక్సస్ లైసెన్స్ ఆగస్టు 31తో అయిపోతుంది, రైఫిల్ మాత్రం సెప్టెంబర్ 1న కూడా ఇంట్లోనే ఉంటుంది. ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.