పోప్ చెప్తే యుద్ధం ఆగుతుందా?

ప్రశ్న: చర్చి పెద్దలు దేశాల మధ్య గొడవలు ఆపుతారంటారు, నిజంగా ఎక్కడైనా జరిగిందా సార్, లేక ఉత్త ప్రకటనలేనా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: జరిగిందండీ. 1978 డిసెంబర్‌లో దక్షిణ అమెరికా దక్షిణ కొసన ఉన్న బీగిల్ ఛానెల్ అనే జలసంధి దగ్గరి మూడు చిన్న దీవుల కోసం అర్జెంటీనా, చిలీ కొట్టుకునేదాకా వచ్చాయి, ఇక దాడే అన్న టైంలో పోప్ రెండో జాన్ పాల్ మధ్యవర్తిగా కార్డినల్ (పోప్ తర్వాతి స్థాయి చర్చి పెద్ద) సమోరేని పంపారు, డెబ్బై దాటిన ఆ పెద్దాయన రెండు రాజధానుల మధ్య అటూ ఇటూ తిరిగి 1979 జనవరి 8న ఉరుగ్వే రాజధాని మాంటెవీడియోలో, కొట్టుకోబోమన్న మాట మీద సంతకాలు పెట్టించారు. అసలు ఒప్పందం తేలేసరికి మాత్రం 1984 అయింది, సమోరే ఏడాది ముందే పోయారు పాపం. దీవులు చిలీకే దక్కాయి. రెండూ క్యాథలిక్ దేశాలు కాబట్టి పోప్ మాట తోసేయడం కష్టమైంది లెండి, కానీ అన్నిచోట్లా అలా కాదు, 2019లో పోప్ ఫ్రాన్సిస్ దక్షిణ సూడాన్ నాయకుల కాళ్ల దగ్గర వంగి బూట్లకి ముద్దు పెట్టినా అక్కడ గొడవలు పూర్తిగా ఆగలేదు.