కొత్త టీచరమ్మకు అత్తయ్య ఉత్తరం

చిట్టీ,

బెంగళూరు స్కూల్లో ఉద్యోగం ఖాయమైందని అన్నయ్య ఫోన్ చేశాడు. ఆరో తరగతికి క్లాస్ టీచర్‌వి, పైగా మ్యాథ్స్ అట. చాలా సంతోషం. బీ.ఎడ్‌లో లెసన్ ప్లాన్‌లు కట్టలకొద్దీ రాయించి ఉంటారు. నలభై మంది ఒక్కసారిగా బ్యాగులు తెరిస్తే ఏం చేయాలో మాత్రం అక్కడ ఎవరూ చెప్పరు. అందుకే ఈ ఉత్తరం.

మొదటి వారం స్ట్రిక్ట్‌గా ఉండాలా, ప్రేమగా ఉండాలా అని టెన్షన్ పడుతున్నావట. దాని సంగతి పక్కన పెట్టు. స్కూలు తెరిచేలోగా కాగితం తీసుకుని కూర్చుని, పిల్లవాడు గుమ్మంలో అడుగుపెట్టిన దగ్గర్నుంచి చివరి బెల్ దాకా ఏ పని ఎలా జరగాలో రాసుకో. నీళ్లు ఎప్పుడు తాగాలి, టాయిలెట్‌కి ఎలా వెళ్లాలి, పెన్సిల్ ముల్లు విరిగితే ఏం చేయాలి, లెక్క ముందే అయిపోయినవాడు ఏం చేస్తూ కూర్చోవాలి. ఇవి నువ్వు తేల్చకపోతే పిల్లలే తేల్చుకుంటారు, ఎవరికి తోచినట్టు వాళ్లు. ఇక రోజంతా ‘కూర్చో, ఆగు, నీ బెంచీకి వెళ్లు’ అనడంతోనే నీ గొంతు పోతుంది.

జేకబ్ కూనిన్ అని ఒక అమెరికన్ మనస్తత్వవేత్త క్లాసుల్ని గమనించి 1970లో తన పరిశోధన ప్రచురించాడు. అల్లరి జరిగాక టీచర్లు ఎలా మందలిస్తారన్న దాంట్లో ఆయనకు పెద్ద తేడా కనిపించలేదు. తేడా అంతా అల్లరికి చోటివ్వకుండా పని నడిపించడంలో ఉంది: ఒక పని నుంచి ఇంకో పనికి సాఫీగా మారడం, వెనక బెంచీలో ఏం జరుగుతోందో కూడా కనిపెట్టి ఉండడం. నలభై మందిలో అల్లరి పుట్టేది ఎక్కువగా ఆ మారే రెండు నిమిషాల్లోనే.

నోటు పుస్తకాలనే తీసుకో. ‘పుస్తకాలు తెచ్చి టేబుల్ మీద పెట్టండి’ అన్నావంటే అయిపోయింది. అందరూ ఒకేసారి లేస్తారు, తోపులాట, కింద పడ్డ జామెట్రీ బాక్సు, ఒకరి ఏడుపు. వెనక నుంచి ముందుకి అందించమన్నా చిక్కే. వెనకవాడు ముందువాడి తల మీద పుస్తకంతో ఒక్కటి తగిలిస్తాడు, నీకు కనపడదు. అడ్డంగా పంపించు, కిటికీ వైపు నుంచి గుమ్మం వైపుకి. ఎవరి చేతులు ఏం చేస్తున్నాయో నీకు కనపడుతుంది. చివరన కూర్చున్నవాడు పైన తన పుస్తకం పెట్టి దొంతి సర్దుతాడు, నువ్వు ఆ పక్కగా నడుచుకుంటూ తీసుకుంటావు. దిద్దవలసిన పేజీ తెరిచే ఉంచమను, సాయంత్రం నీకు ఎంత టైమ్ కలిసొస్తుందో చూడు.

ఇది ఒకసారి చెప్తే రాదు. భాగహారం నేర్పినట్టే నేర్పాలి. ముందు నువ్వు చేసి చూపించు, తర్వాత ఒక వరుస చేత చేయించు, ఆపైన అందరి చేత. తప్పు చేస్తే తిట్టొద్దు, మొహం మాడ్చుకోవద్దు. ‘మళ్లీ చేద్దాం’ అను, అంతే. లైన్లోకి పరుగెత్తుకొచ్చిన వాళ్లని వెనక్కి పంపి నడిచి రమ్మను. ఆ వారం పోర్షన్ కాస్త వెనకబడుతుంది, కోఆర్డినేటర్ అడుగుతారు కూడా. జులైకల్లా కవర్ చేస్తానని ధైర్యంగా చెప్పు.

క్లాసుని నిశ్శబ్దం చేయడానికి అరవకు, డస్టర్‌తో టేబుల్ బాదకు. చేయి ఎత్తి ఒకేచోట నిలబడు. చూసినవాళ్లు మాట ఆపి తామూ చేయెత్తాలని ముందే నేర్పు. సగం మంది ఆగగానే పాఠం మొదలుపెట్టావంటే, మిగతా సగం ఆగనక్కర్లేదని నువ్వే చెప్పినట్టు. చివరివాడు ఆగేదాకా నోరు విప్పకు.

బెంగళూరు సంగతి వేరే చెప్పాలి. వాన పడ్డ రోజు సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్‌లో ఇరుక్కున్న స్కూల్ వ్యాన్ ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. అందులోని పిల్లల్ని గుమ్మంలో నిలబెట్టి సంజాయిషీ అడిగితే వాళ్లకి అవమానం, నీకు పాఠం పోవడం. రోజూ పిల్లలు వచ్చేసరికి బోర్డు మీద నిన్నటి పాఠం లెక్కలు మూడు ఉండాలి. ఎప్పుడొచ్చినా చప్పుడు చేయకుండా కూర్చుని అవి మొదలుపెట్టాలి. వాళ్లు చేస్తుండగా నువ్వు అటెండెన్స్ వేసుకుంటావు.

ఇంకోటి. నీ క్లాసులో కన్నడం, తెలుగు, తమిళం, ఉర్దూ, హిందీ అన్నీ ఇంటి భాషలే. అనంతపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చినవాళ్ల పిల్లలు నువ్వు తెలుగని తెలియగానే చుట్టూ చేరతారు. ఇంటర్వెల్‌లో కడుపునిండా మాట్లాడు. క్లాసులో మాత్రం సూచనలు అందరికీ ఒకే మాటల్లో, చేత్తో చూపిస్తూ ఇవ్వు. వాళ్లకి విడిగా తెలుగులో చెప్పావంటే, మేడమ్‌కి వాళ్లంటేనే ఇష్టమని మిగతావాళ్లు రెండు రోజుల్లో తేల్చేస్తారు.

టాయిలెట్ విషయంలో పంతం వద్దు. ఆరో తరగతిలో కొందరు ఆడపిల్లలు పెద్దమనిషై ఉంటారు, నలభై మంది ముందు లేచి అడగలేరు. గుమ్మం పక్క మేకుకి రెండు అట్టముక్కలు వేలాడదీయి, మగపిల్లలకి ఒకటి, ఆడపిల్లలకి ఒకటి. అట్ట ఉంటే మెడలో వేసుకుని వెళ్లి రావడమే, నోటితో అడిగే పని లేదు. కేరళ స్కూళ్లలో 2019లో పిల్లలకి నీళ్లు తాగమని గుర్తుచేసే వాటర్ బెల్ అని పెట్టారు, కర్ణాటకలోనూ తెచ్చారు. మీ స్కూల్లో లేకపోతే పీరియడ్ మారేటప్పుడు రెండు గుక్కలు తాగమని నువ్వే పెట్టుకో.

లీడర్‌ని వారానికొకర్ని మార్చు. కానీ మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయించే పాత అలవాటు మాత్రం పెట్టకు. నాకు దాని మీద మొదట్నుంచీ మంటే. స్నేహితుల పేర్లు తుడిచేస్తారు, పడనివాడి పేరు రాస్తారు. పంచాయితీ నీ దగ్గరికే వస్తుంది. గుంజీలు, మోకాళ్ల మీద నిలబెట్టడం నీ ఆలోచనలోకే రానివ్వకు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనీ, మానసిక వేధింపునీ రెండింటినీ నిషేధించింది. పిల్లల్ని పేరు పెట్టి వెక్కిరించడం చిన్న విషయమనుకునే సీనియర్లు స్టాఫ్ రూమ్‌లో తగలొచ్చు. వాళ్లతో వాదన పెట్టుకోకు, ఫాలో అవ్వకు.

దసరా సెలవులు అయ్యి వచ్చేసరికి అంతా మర్చిపోయి ఉంటారు. కంగారుపడకు. మొదటి రెండు రోజులు పుస్తకాలు పంపడం, చేయెత్తడం మళ్లీ జూన్‌లోలాగే చేయించు. ఈసారి తొందరగానే దారికొస్తారు.

ఈ శనివారం మధ్యాహ్నం భోజనానికి మా ఇంటికి రా. నువ్వు రాసుకున్న కాగితమూ, క్లాసురూమ్‌లో బెంచీలు ఎలా ఉన్నాయో గీసిన బొమ్మా తెచ్చుకో. మీ మావయ్య పడుకున్నాక కూర్చుని చూద్దాం.

నీ అత్తయ్య