ఇంజిన్ దించకముందే డైనో ఎక్కించండి

ప్రశ్న: మాది నెల్లూరు. ఇరవై ఏళ్లుగా చెన్నై అంబత్తూరులో ఉంటున్నాం. నాకు 44 ఏళ్లు. చేతికొచ్చే జీతం నెలకు 1.15 లక్షలు. హోమ్ లోన్ ఈఎంఐ 31,000, ఇంటి ఖర్చు 46,000, పాప చదువు కోసం సిప్ 20,000. బ్యాంకులో 6 లక్షల ఎఫ్‌డీ ఉంది. అమ్మకు 71 ఏళ్లు, మాతోనే ఉంటుంది. ఆమెకు హెల్త్ పాలసీ లేదు. నాన్న పోయి నాలుగేళ్లయింది. ఆయన కొన్న 1979 మోడల్ ప్రీమియర్ పద్మిని మా దగ్గరే ఉంది, ఆర్సీ మాత్రం ఇంకా ఆయన పేరు మీదే ఉంది. సిలిండర్లు అరిగి ఇంజిన్ బోరుకొచ్చింది. ఎలాగూ దించాలి కదా అని ఒక వర్క్‌షాప్‌లో అడిగాను. బోర్ (సిలిండర్ వెడల్పు) పెంచి, ఫోర్జ్‌డ్ పిస్టన్లు, కొత్త క్యామ్‌షాఫ్ట్, రెండు కార్బురేటర్లు వేసి, డైనో (బండి పవర్ కొలిచే యంత్రం) మీద ట్యూన్ చేసి 75 హార్స్‌పవర్ తెప్పిస్తామన్నారు. కొటేషన్ 4.8 లక్షలు, సగం అడ్వాన్స్. ఎఫ్‌డీ తీయనా, పర్సనల్ లోన్ తీసుకోనా? పాత కార్ల రేట్లు పెరుగుతున్నాయంటున్నారు, దీన్ని పెట్టుబడి అనుకోవచ్చా?

జవాబు: చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. అనుకోకూడదు. ఇది అచ్చంగా ఖర్చు. ఖర్చు చేయడం తప్పని నేననను, నాన్నగారి బండి మీద మమకారానికి వెల కట్టమనీ చెప్పను. కానీ పెట్టుబడి అని పేరు పెట్టుకుంటే అప్పు చేయడానికి మనసు తొందరగా ఒప్పేసుకుంటుంది. పాత కారు కొనేవాళ్లలో చాలామంది వెతికేది కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న బండిని. ఇంజిన్ మీద పెట్టిన 4.8 లక్షలు రేపు అమ్మేటప్పుడు ధరలో కలుస్తాయని లెక్క వేసుకోవద్దు. అసలు పిస్టన్లేవి, అసలు కార్బురేటర్ ఏదని అడిగి బేరం తగ్గించేవాళ్లే ఎక్కువ.

మీ బండికి ఇంకో మెలిక ఉంది. 2029లో దానికి 50 ఏళ్లు నిండుతాయి. కేంద్రం 2021లో తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో చెప్పుకోదగ్గ మార్పులేవీ లేకుండా ఉన్న కార్లకే ఆ హోదా ఇస్తారు. ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది. ఆ రిజిస్ట్రేషన్‌తో రోజూ ఆఫీసుకు తిరగలేరు గానీ, పాత బండ్లను చూసి తుక్కు అనే అధికారుల నుంచి అది కాపాడుతుంది. ఇప్పుడు ఇంజిన్ మారిస్తే గడువు దగ్గరకొచ్చాక ఆ అవకాశాన్ని మీరే పోగొట్టుకున్నట్టు.

చట్టం సంగతి కూడా చూడాలి. ఆర్సీలో ఉన్న వివరాలకూ బండికీ తేడా వచ్చేలా మార్పులు చేయకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. అనుమతి లేని మార్పుకు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. బోర్ పెంచితే సీసీ మారుతుంది. చెన్నైలో పాత స్పేర్లు అమ్మే పుదుప్పేటలో ఇంకో ఇంజిన్ కొని వేస్తే నంబరే మారుతుంది, ఆర్టీవో అనుమతి లేకుండా అదీ కుదరదు. ఎవరు పట్టుకుంటారులే అనుకోవచ్చు. పట్టుకునేది పోలీసు కాదు, ఇన్సూరెన్స్ సర్వేయర్. చెప్పకుండా మార్చిన ఇంజిన్‌తో ప్రమాదం జరిగితే క్లెయిమ్ ఎలా తప్పించుకోవాలో ఆయనకు బాగా తెలుసు.

ఇక 75 హార్స్‌పవర్. పద్మిని ఇంజిన్ 1089 సీసీ. బోర్ 68 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 75 మి.మీ. కొత్తలో వచ్చిన పవర్ సుమారు 40. ఒక మి.మీ. బోర్ పెంచితే మీకు దక్కేది 1122 సీసీ, అంటే మూడు శాతం మాత్రమే. మిగతా పవరంతా గాలి బాగా పీల్చడం నుంచీ, ఎక్కువ ఆర్పీఎం నుంచీ రావాలి. 6500 ఆర్పీఎం దగ్గర 75 రావాలంటే ఆ వేగంలో ఇంజిన్ 82 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఇస్తూ ఉండాలి. ఐదు దశాబ్దాల కిందటి పుష్‌రాడ్ ఇంజిన్‌కు అది చిన్న కోరిక కాదు. వాల్వ్ స్ప్రింగులు, క్రాంక్ బ్యాలెన్సింగ్, ఆయిల్ పంపు, క్లచ్ అన్నీ కలిసి మోయాలి. ఇవి కొటేషన్‌లో ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే 4.8 లక్షలన్నది మొదటి వాయిదా మాత్రమే. పైగా నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే ఉన్న బండి అది. పవర్ దాదాపు రెట్టింపు చేసి బ్రేకుల ఊసే ఎత్తని కొటేషన్ అంటే నాకు అనుమానం.

వర్క్‌షాప్ వాళ్లు ఆఖర్న చేద్దామన్న డైనో పనిని నేనైతే మొట్టమొదట చేయిస్తాను. బోరుకొచ్చినా బండి ఇంకా నడుస్తోంది కదా. ముందు నాలుగు సిలిండర్లకూ కంప్రెషన్ టెస్ట్ (లోపల ఒత్తిడి నిలుస్తోందో లేదో చూసే పరీక్ష), అది బాగుంటే డైనో. వెనక చక్రాలు రోలర్ల మీద పెట్టి, బండిని పట్టీలతో బిగించి, ముందు పెద్ద ఫ్యాన్ పెట్టి, పై గేర్‌లో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కుతారు. తెర మీద పవర్, టార్క్ గీతలు వస్తాయి. సైలెన్సర్ గొట్టంలో పెట్టిన సెన్సర్ పెట్రోలు, గాలి పాళ్లు చూపిస్తుంది. 30 లోపు అంకె కనిపిస్తే గుండె జారిపోనక్కర్లేదు. అది చక్రాల దగ్గరి పవర్. గేర్‌బాక్స్, వెనక యాక్సిల్ తినేసేది పోగా మిగిలింది. కొలత తీసుకోకుండా బట్ట కత్తిరించే దర్జీకి ఎవరైనా డబ్బిస్తారా? ఆ షీటు మీ దగ్గర ఉంటే రేపు ఎంత పెరిగిందో చెప్పాల్సింది వర్క్‌షాప్ యజమాని నోరు కాదు, ఆ షీటే.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, ఈ వ్యాపారంలో ఒక చిన్న చేతివాటం ఉంది. ముందు చక్రాల దగ్గరి పవర్ చూపిస్తారు, పని అయ్యాక క్రాంక్ దగ్గరి పవర్ (నేరుగా ఇంజిన్ నుంచి వచ్చేది) అని లెక్కగట్టి చూపిస్తారు. ఏమీ పెరగకపోయినా అంకె పెరుగుతుంది. ఎండ తాపానికి సరిచేసే కరెక్షన్ పద్ధతి మార్చినా అంతే. కాబట్టి ముందూ తర్వాతా ఒకే డైనో, ఒకే గేరు, ఒకే కరెక్షన్, ఒకే టైరు ప్రెషర్ ఉండాలని కాగితం మీద రాయించుకోండి. 75 అంటే చక్రాల దగ్గరా, క్రాంక్ దగ్గరా అన్నదీ అందులోనే ఉండాలి. డైనో గంటలు ఎన్ని ఇస్తున్నారో కూడా అడగండి. రెండు కార్బురేటర్ల జెట్లు (పెట్రోలు వెళ్లే సన్నని రంధ్రాలున్న ముక్కలు) మార్చి మార్చి చూడటానికి చాలా టైమ్ పడుతుంది, గంటలు దాటితే మీటరు తిరుగుతూనే ఉంటుంది. బంకులో మీరు రోజూ పోయించుకునే పెట్రోలుతోనే ట్యూన్ చేయమనండి. ఇప్పుడు దొరికేది 20 శాతం ఇథనాల్ ఉన్నది, దానికి జెట్లు కాస్త పెద్దవి కావాలి, పాత రబ్బరు పైపులూ మార్చాలి.

ఇంకో ప్రశ్న ఉంది, అడగడానికి అందరూ మొహమాటపడతారు. డైనో మీద ఇంజిన్ పగిలితే ఎవరిది నష్టం? మిశ్రమంలో పెట్రోలు తగ్గినా, ఇగ్నిషన్ టైమింగ్ ఎక్కువైనా ఫుల్ లోడ్ మీద పిస్టన్‌కు చిల్లు పడటానికి ఎంతోసేపు పట్టదు. దీనికి రాతపూర్వకంగా జవాబివ్వని చోట ఒక్క రూపాయి కూడా పెట్టొద్దు.

డబ్బు విషయం చిన్నది, ఎందుకంటే లెక్కలో సందేహం లేదు. 5 లక్షల పర్సనల్ లోన్ 14 శాతానికి నాలుగేళ్లంటే ఈఎంఐ సుమారు 13,660, వడ్డీ ఒక్కటే 1.56 లక్షలు. ఈఎంఐ, ఖర్చు, సిప్ పోగా మీకు మిగిలేది 18,000. లోన్ తీసుకుంటే చేతిలో నాలుగు వేలు మిగులుతాయి, పాత బండి ఉన్న ఇంట్లో అది సరిపోదు. ఎఫ్‌డీ తీయడానికీ నేను ఒప్పుకోను. పాలసీ లేని మీ అమ్మగారికి ప్రస్తుతం ఆ 6 లక్షలే ఆసుపత్రి డబ్బు. ముందు ఆవిడకు పాలసీ తీసుకోండి. వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు. ఆ వయసులో ప్రీమియం ఎక్కువే ఉంటుంది, పాత జబ్బులకు వెయిటింగ్ కూడా పెడతారు, అందుకే ఆలస్యం చేయొద్దంటున్నాను. పాప సిప్ జోలికి అసలే వెళ్లొద్దు.

ప్రీమియానికి నెలకు 6,000 పక్కన పెట్టి, మిగిలిన 12,000తో రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టండి. రెండేళ్లలో వడ్డీతో కలిపి 3 లక్షలు దాటుతుంది. అప్పుడు ఇంజిన్ దించండి. నన్నడిగితే 75 కోసం కాకుండా, కంపెనీ కొలతలకు తెచ్చే పని చేయించండి. బోర్ వదులైతే స్లీవ్ వేయించి స్టాండర్డ్ సైజుకు హోనింగ్, క్రాంక్ గ్రైండింగ్, వాల్వ్ సీట్ కటింగ్, హెడ్ ఫేసింగ్, కార్బురేటర్ సర్వీసు. ఆ డబ్బులో బ్రేకులూ వస్తాయి. పాత ఇంజిన్ విప్పాక పగుళ్లు బయటపడటం మామూలే, అందుకని మొత్తంలో మూడో వంతు కదపకుండా ఉంచండి. బిల్లు లేకుండా అయితే తక్కువకు చేస్తామంటారు. స్పేర్ల మీద జీఎస్టీ ఇప్పుడు 18 శాతం, అది మిగులుతుందని ఆశపడితే రేపు గొడవ వచ్చినప్పుడు చూపించడానికి కాగితం ఉండదు.

ఇవన్నీ ఆర్సీ మీ పేరు మీదికి వచ్చాకే. యజమాని చనిపోయిన మూడు నెలల్లోపే ఫారం 31తో దరఖాస్తు పెట్టాలి, మీకు ఆ గడువు ఎప్పుడో దాటింది. వారసత్వ కాగితం, అమ్మగారి సమ్మతి పత్రం సిద్ధం చేసుకోండి. బండి ఇంకా నెల్లూరు రిజిస్ట్రేషన్ మీదే ఉంటే అక్కడి నుంచి ఎన్‌వోసీ తెచ్చి తమిళనాడులో మళ్లీ రిజిస్టర్ చేయించాలి. ఆ తర్వాత బండి ఇన్సూరెన్స్ పాలసీ రెన్యువల్‌లో ఐడీవీ (బండికి కట్టే బీమా విలువ) మాట్లాడుకోండి. ఐదేళ్లు దాటిన బండికి దాన్ని కంపెనీ, యజమాని కలిసి ఒప్పుకోవాలనే నియమం ఉంది. ఏజెంట్ వేసిన అంకెకు తలూపకుండా బండి ఫోటోలు, ఇంతవరకు పెట్టిన బిల్లులు తీసుకెళ్లండి. వర్క్‌షాప్ వాళ్లు అడ్వాన్స్ కోసం ఫోన్ చేస్తే ముందు డైనో, కంప్రెషన్ టెస్ట్‌లకు ఎంతవుతుందో అడిగి ఆ డబ్బు మాత్రం కట్టండి.