ఉబుంటు మాట ఉపన్యాసాలకేనా, మున్సిపాలిటీ నడపడానికీ పనికొస్తుందా?

దక్షిణాఫ్రికా మున్సిపాలిటీల్లో ఉబుంటు (అందరం కలిసి బతకాలనే ఆఫ్రికా విలువ) పేరుతో చెప్పే నైతిక నాయకత్వం ఆచరణలో ఎక్కడైనా కనిపిస్తుందా అన్నది మీ ప్రశ్న. కనిపిస్తుంది. బడ్జెట్ తేదీలు, టెండర్ కమిటీలో ఎవరు కూర్చున్నారు, ఎవరి ఆస్తుల వివరాలు ఫైలులో ఉన్నాయి అని చూస్తే తెలుస్తుంది.

ఉబుంటు అనగానే మనిషి తోటివాళ్ల వల్లే మనిషి అవుతాడన్న సామెత అందరూ చెబుతారు. రాజు కూడా ప్రజల వల్లే రాజు అనే ఇంకో సామెతను తక్కువమంది చెబుతారు. పాలనకు పనికొచ్చేది ఇదే. దక్షిణ ఆఫ్రికా ప్రాంతపు త్స్వానా జాతి ఊళ్లలో క్గోట్లా అనే సభ జరుగుతుంది. అక్కడ పెద్ద అందరి మాటా విన్నాకే తన నిర్ణయం చెప్పాలి. ఆయనే ముందు నోరు విప్పితే మిగతావాళ్లకు తల ఊపడమే మిగులుతుంది. అలాగని ఆ సభల్ని ఆకాశానికెత్తనక్కర్లేదు, చాలాకాలం ఆడవాళ్లకు అక్కడ మాట్లాడే చోటే లేదు.

ముందు వినడం, తర్వాత నిర్ణయించడం అన్న ఆ వరసే ఇప్పటి మున్సిపాలిటీల్లో తిరగబడుతోంది. అక్కడి ఆర్థిక సంవత్సరం జూలై 1న మొదలవుతుంది. 2003 నాటి మున్సిపల్ ఆర్థిక చట్టం ప్రకారం మేయర్ ఆగస్టు 31లోపు ప్రణాళిక, బడ్జెట్ల షెడ్యూలును, మార్చి 31లోపు ముసాయిదా బడ్జెట్‌ను కౌన్సిల్ ముందుంచాలి. మే నెలాఖరులోపు కౌన్సిల్ దాన్ని ఆమోదానికి తీసుకోవాలి. ముసాయిదా బయటికొచ్చాక పెట్టే సభలకు జనం బాగానే వస్తారు, కానీ అప్పటికి డబ్బు పంపకం దాదాపు తేలిపోయి ఉంటుంది. అందుకే వార్డు కోరికలు సెప్టెంబరు, నవంబరు మధ్యే రాసిచ్చి రసీదు తీసుకోవాలి. మార్చిలో ముసాయిదాతో సరిచూసి, పక్కన పెట్టిన ప్రతి పనికీ కారణం కాగితం మీద అడగాలి. వార్డు కమిటీ చేయాల్సిన పని ఇదే. అందులో కౌన్సిలర్ అధ్యక్షుడు, ఆయన కాక గరిష్ఠంగా 10 మంది. ఆ పదిమందీ ఒకే పార్టీ కార్యకర్తలైతే ఎవరూ నోరెత్తరు.

ఇక అసలు చిక్కు. కలిసి బతకాలన్న విలువే ‘మనవాడికి ఒక కాంట్రాక్టు’గా మారిపోవడం. ఉబుంటుని తప్పుగా వాడుకోవడంలో నా దృష్టిలో ఇదే అన్నిటికన్నా ప్రమాదకరం, ఎందుకంటే చేసేవాడికి అది తప్పనిపించదు, బంధుధర్మం అనిపిస్తుంది. అందుకే చట్టం మంచితనాన్ని నమ్ముకోలేదు. ఆ మున్సిపల్ ఆర్థిక చట్టం 117వ సెక్షన్ కింద కౌన్సిలర్ టెండర్ కమిటీలో సభ్యుడు కాకూడదు, చూడ్డానికి కూడా కూర్చోకూడదు. వేరే నిబంధన కింద, ఎన్నికైన 60 రోజుల్లో తన ఆర్థిక ప్రయోజనాలు లిఖితపూర్వకంగా ప్రకటించాలి. 118వ సెక్షన్ టెండర్ వ్యవహారంలో జోక్యాన్నీ నిషేధిస్తుంది, కానీ ఫోన్లో చెప్పిన మాటకు రుజువేది? 2022-23లో దేశంలోని 257 మున్సిపాలిటీల్లో ఏ మచ్చా లేని ఆడిట్ వచ్చింది 34కే. నష్టాన్ని బాధ్యుడైన అధికారి నుంచే రాబట్టే అధికారం ఆడిటర్ జనరల్‌కు 2019 ఏప్రిల్ నుంచి ఉంది.

జనం చేతికి దొరికే గట్టి ఆయుధం సోషల్ ఆడిట్, అంటే ప్రభుత్వ పనిని కాగితాలతో పోల్చి జనమే తనిఖీ చేయడం. రాజస్థాన్ ప్రజా విచారణల్లో పుట్టి, మన ఉపాధి హామీ పనుల మీద ఆంధ్రప్రదేశ్‌లో వ్యవస్థగా ఎదిగిన పద్ధతి ఇది. కేప్‌టౌన్ శివారు ఖయెలిట్షాలో 2013లో స్థానికులు ఇదే పద్ధతిలో తాత్కాలిక మరుగుదొడ్ల కాంట్రాక్టును తనిఖీ చేశారు. మీరూ అలా చేయాలంటే ముందు కాంట్రాక్టు ప్రతి, బిల్లులు సంపాదించాలి. వాటిలోని ప్రతి షరతునూ (ఎన్ని మరుగుదొడ్లు, వారానికి ఎన్నిసార్లు శుభ్రం చేయాలి) ఒక ప్రశ్నగా మార్చి ఫారం తయారుచేయాలి. ఇద్దరిద్దరుగా వెళ్లి లెక్కపెట్టి, ఫోటో తీసి, వాడేవాళ్ల మాట రాసుకోవాలి. ఆ తర్వాత అధికారుల్ని పిలిచి బహిరంగ సభలో చదవాలి. ఎక్కువ ప్రయత్నాలు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాయి. కాంట్రాక్టు ప్రతి కోసం సమాచార హక్కు దరఖాస్తు పెడితే, గడువు 30 రోజులైనా ఆఫీసు ఉలకదు పలకదు. ఆ ప్రతి లేకుండా తనిఖీకి దిగితే మాత్రం, ‘ఒప్పందంలో అంతే ఉంది’ అన్న ఒక్క మాటతో మీ నోరు మూయించేస్తారు.