గొట్టాలకు చోటు, చెట్టుకు బరువు: రెండూ ముందే లెక్కేసుకో

చి. అమ్మాయికి,

ఆశీస్సులు. పరిశోధన భవనం పని నీ చేతికి వచ్చిందని తెలిసి చాలా సంతోషించాను. నువ్వు పంపిన బొమ్మలు తీరిగ్గా చూశాను. డాబా మీద తోట, లోపల అద్దాల ల్యాబులు, కంటికి ఇంపుగానే ఉన్నాయి. కానీ భవనాన్ని నిలువునా కోసినట్టు లోపలి అంతస్తులు చూపే సెక్షన్ డ్రాయింగ్ లేదు. ఇలాంటి భవనం పదికాలాలు పనికొస్తుందో లేదో అక్కడే తేలుతుంది.

ఈ రోజు రసాయనాల సీసాలున్న గదిలోకి ఐదేళ్లకు మైక్రోస్కోపులు వస్తాయి, ఆ తర్వాత కంప్యూటర్లు వస్తాయి. మధ్య గోడ తీసెయ్యడం పెద్ద పనేం కాదు. నీళ్లు, గ్యాసు, కరెంటు, గాలి డక్టులు మార్చాలంటేనే ప్రాణం మీదకొస్తుంది. 1965లో అమెరికాలో పూర్తయిన పరిశోధన సంస్థ సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆర్కిటెక్ట్ లూయీ కాన్ ప్రతి ల్యాబ్ అంతస్తు పైనా గొట్టాల కోసమే, మనిషి నిలబడి పనిచేసేంత ఎత్తున, ఇంకో అంతస్తు వేశాడు. కింద ల్యాబులో అడ్డంగా ఒక్క స్తంభం లేదు. అంతకు ముందు ఆయనే ఫిలడెల్ఫియాలో కట్టిన రిచర్డ్స్ ల్యాబుల్లో ఎండ తిన్నగా బల్లల మీద పడేది. శాస్త్రవేత్తలు కిటికీలకు కాగితాలు అంటించుకున్నారు. నీ పడమటి అద్దాలు చూడగానే నాకదే గుర్తొచ్చింది. వాటికి బయట నీడ పెట్టు, లోపలి కర్టెన్లను నమ్ముకోకు.

ఏకంగా ఒక అంతస్తు గొట్టాలకిచ్చే స్తోమత అందరికీ ఉండదు. కనీసం అంతస్తుకీ అంతస్తుకీ మధ్య నాలుగున్నర మీటర్లు ఉంచు. గొట్టాలు పైకీ కిందకీ నడిచే నిలువు దారుల్లో, అంటే షాఫ్టుల్లో, పావు వంతు ఖాళీగా వదులు. ఆ ఖాళీని ఎవరడిగినా ఇవ్వకు. బల్లలకు చక్రాలు పెట్టి, కరెంటూ గ్యాసూ పైనుంచి దించు. రసాయనాల ఆవిరిని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్‌లు మాత్రం కదలవు, వాటిని షాఫ్టుల పక్కనే పెట్టు. అదురు తట్టుకోలేని మైక్రోస్కోపులు నేల అంతస్తులో, లిఫ్టుకు దూరంగా ఉండాలి.

ఇక పచ్చదనం. ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. ఒక భవనంలో డాబా తోటకు దగ్గరగా ఫ్యూమ్ హుడ్‌ల పొగగొట్టాలు లేపాను. మొదటి ఏడాదే గాలివాటున ఉన్న మొక్కల ఆకుల అంచులు గోధుమరంగుకు తిరిగి ముడుచుకుపోయాయి. తోటమాలి ఒక ఆకు తెచ్చి నా చేతిలో పెట్టి, "రోజూ సాయంత్రం ఇక్కడ గొంతు మండుతోందయ్యా" అన్నాడు. అక్కడ కూర్చునే మనుషుల గురించి నేను ఆలోచించనే లేదని అప్పుడు తెలిసింది. ఆ బెంచీలన్నీ తీయించేశాను. తోట ఒక కొసన ఉంటే పొగగొట్టాలు రెండో కొసన, బాగా ఎత్తున ఉండాలి. గాలి లోపలికి పీల్చుకునే జాలీలు ఈ రెంటికీ దూరంగా ఉండాలి.

బరువు సంగతి స్ట్రక్చరల్ ఇంజినీరుకు ఇప్పుడే చెప్పు. ముప్పై సెంటీమీటర్ల మందాన తడిసిన మట్టి చదరపు మీటరుకు సుమారు అర టన్ను తూగుతుంది. స్తంభాలు లేచాక చెట్టు కావాలంటే కుండీలే గతి. ల్యాబుల్లో మాత్రం కుండీలు వద్దు. మట్టిలోని బూజు, చిన్న పురుగులు ల్యాబులో పెంచే కణాల కల్చర్లను పాడుచేస్తాయి. ల్యాబు నుంచి రాతబల్లలకు నడిచే దారి పక్కన నేల మీదే నాలుగు పెద్ద చెట్లు నాటించు. రాత్రంతా పనిచేసినవాళ్లు తెల్లారి బయటికొచ్చి నిలబడేది అక్కడే.

సెక్షన్ పూర్తవగానే పంపు. అంతకంటే ముందు ఏదైనా ల్యాబులో టెక్నీషియన్ల పక్కన ఒక రోజంతా కూర్చుని రా.

మీ మాస్టారు